సొరంగాలు పూర్తయ్యాక మిగిలిన ఊళ్లు: సాగునీటి ప్రాజెక్టుల ప్రాధాన్య క్రమంపై ఒక కేస్ స్టడీ

2024 మార్చి 6న పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. నల్లమల కొండల అడుగున ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున తవ్విన ఆ సొరంగాల కోసం పశ్చిమ ప్రకాశం ప్రజలు 1996లో జరిగిన తొలి శంకుస్థాపన నాటి నుంచీ ఎదురుచూశారు. అదే ఏడాది జూలై నెలాఖరుకు శ్రీశైలం నిండింది, గేట్లు ఎత్తారు, కృష్ణా వరద దిగువకు పోయింది. సొరంగాలకు అవతలి వైపు మూడు కొండ సందుల్లో ఏనాడో కట్టిపెట్టిన ఆనకట్టల వెనక నల్లమల సాగర్‌లో మాత్రం నీరు నిలవలేదు. నిలపడానికి అప్పటికి వీలు కూడా లేదు. ఆ జలాశయం కింద మునిగే 11 గ్రామాల ప్రజలకు పునరావాస పరిహారం పూర్తిగా అందలేదు. వాళ్లు అప్పటికి ఆ ఊళ్లలోనే ఉన్నారు. సొరంగాల నుంచి జలాశయానికి నీటిని చేర్చే ఫీడర్ కాలువ పనులు కూడా అప్పటికి మిగిలే ఉన్నాయి.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. చివరి కొన్నేళ్లు క్షేత్రం వదిలి, ఏ ప్రాజెక్టుకు ఆ ఏడాది ఎంత అడగాలో ప్రతిపాదనలు తయారుచేసే విభాగంలో ఉన్నాను. వెలిగొండ పనుల్లో నేను పాల్గొనలేదు. అయినా రాష్ట్ర ప్రభుత్వం నిర్మాణాలపై పెట్టే ఖర్చుకు ప్రాధాన్య క్రమం ఎలా ఏర్పడుతుందో, అది ఎక్కడ దారి తప్పుతుందో వివరించడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు. ఇక్కడ డబ్బు వృథా అయిందని నేను అనడం లేదు. పెట్టవలసిన ఖర్చే పెట్టారు, కష్టమైన పనే చేశారు. ఏ ఖర్చు ముందు, ఏ ఖర్చు తరువాత అన్న వరుస తప్పింది.

జలయజ్ఞం మిగిల్చిన లెక్క

వెలిగొండ ఒంటరిగా ఆలస్యమైన ప్రాజెక్టు కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి ప్రాజెక్టులను పెద్దఎత్తున చేపట్టే జలయజ్ఞం మొదలైంది. క్రమంగా ఆ జాబితా 86 ప్రాజెక్టులకు పెరిగింది: 44 భారీ, 30 మధ్యతరహా, 8 ఆధునికీకరణ పనులు, 4 వరద కట్టలు. మొత్తం అంచనా సుమారు 1.86 లక్షల కోట్ల రూపాయలు. ఆ రోజుల్లో సాగునీటికి రాష్ట్రం ఏడాదికి పెట్టగలిగింది పది, పదిహేను వేల కోట్ల స్థాయి. ధరలు ఒక్క రూపాయి పెరగకుండా, ఒక్క ఏడాది కూడా తక్కువ పడకుండా పదిహేను వేల కోట్ల చొప్పున ఇచ్చుకుంటూ పోయినా అవి పూర్తికావడానికి పన్నెండేళ్లు దాటుతుంది. ఇది కాగితం మీద రెండు నిమిషాల భాగహారం. ఆ భాగహారం చేయనివారు లేరు. దాని ఫలితాన్ని ఒప్పుకుని, అయితే ఈ 86లో వేటిని ఆపాలి అని అడగడానికి సిద్ధపడినవారు తక్కువ.

కరువు చూసిన జిల్లాలకు నీరివ్వాలన్న సంకల్పాన్ని నేను గౌరవిస్తాను. ఆ కాలంలో అనంతపురం, మహబూబ్‌నగర్ పల్లెల్లో తిరిగినవారెవరూ దాన్ని తేలికగా తీసిపారేయలేరు. కానీ అన్నింటినీ ఒకేసారి మొదలుపెట్టడం వల్ల ఏం జరుగుతుందో చూడడానికి ఒక చిన్న లెక్క చాలు. ఒక్కొక్కదానికి 100 కోట్లు కావలసిన పది ప్రాజెక్టులున్నాయనీ, చేతిలో ఏడాదికి 100 కోట్లే ఉన్నాయనీ అనుకుందాం. అన్నింటికీ పదేసి కోట్లు పంచితే పదో ఏడాది చివరన పదీ పూర్తవుతాయి. అప్పటిదాకా ఎవరి పొలానికీ చుక్క నీరు రాదు. ఒకదాని తరువాత ఒకటిగా పూర్తిచేస్తే, అదే పదేళ్ల ముగింపుకు మొదటిది తొమ్మిదేళ్లు, రెండోది ఎనిమిదేళ్లు, మూడోది ఏడేళ్లు నీరిచ్చి ఉంటాయి. కలిపితే 45 ప్రాజెక్టు సంవత్సరాల పంట. ఖర్చు రెండు పద్ధతుల్లోనూ 1,000 కోట్లే. నిజానికి మొదటి పద్ధతిలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే సాగదీసిన పనికి ధరల సవరణ తోడవుతుంది, ఆగిన చోట యంత్రాలు తుప్పు పడతాయి, తవ్విన కాలువ పూడిపోతుంది.

పోలవరం అంచనా వ్యయం ఎలా పెరిగిందో చూస్తే ఆలస్యం ధర ఎంతో తెలుస్తుంది. 2010–11 ధరల్లో 16,010.45 కోట్లు. 2017–18 ధరల్లో దాదాపు 55,549 కోట్లు. అందులో 33,168 కోట్లు ఒక్క భూసేకరణ, పునరావాసాలవే. కాంక్రీటు ధర ఏటా కొద్దికొద్దిగా పెరుగుతుంది. 2014 జనవరి 1 నుంచి కొత్త భూసేకరణ చట్టం అమల్లోకి వచ్చాక భూమి, పునరావాసాల ఖర్చు ఒక్కసారిగా ఎగసింది. నిర్వాసితులకు న్యాయంగా దక్కవలసినదే ఆ చట్టం ఇచ్చింది. అయితే ముందే తీర్చగలిగిన బాకీని వాయిదా వేసిన ప్రభుత్వం, ఆ వాయిదాకు ఎంత చెల్లించిందో ఈ అంకెల్లో కనబడుతుంది.

వెలిగొండలో వరుస

ఇప్పుడు వెలిగొండ నిర్మాణ క్రమాన్ని దగ్గరగా చూద్దాం. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర నుంచి వరద రోజుల్లో 43.5 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగుల నీరు) తీసుకుని, సొరంగాల గుండా కొండ దాటించి, నల్లమల సాగర్‌లో నిలవ చేసి, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో సుమారు 4.47 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది సంకల్పం. ఫ్లోరైడ్ నీళ్లున్న ప్రాంతమది. కనిగిరి వైపు పల్లెల్లో నడుములు వంగిపోయిన మనుషులను చూసిన ఇంజినీరుకు, అక్కడ తాగునీరు సాగునీటికన్నా ముందని ఏ నివేదికా చెప్పనక్కర్లేదు.

మొదటి సొరంగం 3,000 క్యూసెక్కులది (సెకనుకు అన్ని ఘనపు అడుగులు), రెండోది 8,500 క్యూసెక్కులది. రెండూ కలిస్తే 11,500, అంటే రోజుకు దాదాపు ఒక టీఎంసీ. 43.5 టీఎంసీలకు సుమారు 44 రోజులు పడుతుంది. మొదటి సొరంగం ఒక్కటే ఉంటే రోజుకు పావు టీఎంసీకి కాస్త పైన. 45 రోజుల వరదలో 11 టీఎంసీలు దాటుతాయి. తొలి దశ కింద పెట్టుకున్న 1.19 లక్షల ఎకరాలకు కావలసింది సరిగ్గా ఆ స్థాయి నీరే. అంటే ప్రాజెక్టు రూపకల్పనలోనే ఒక సహజమైన మెట్టు ఉంది. మొదటి సొరంగం, ఫీడర్ కాలువ, మునిగే ఊళ్ల పునరావాసం, తొలి దశ పంపిణీ కాలువలు: ఈ నాలుగూ కలిపి ఒక మూట. ఆ మూటకు ముందుగా పూర్తి నిధులిచ్చి, రెండో సొరంగాన్ని కొంతకాలం ఆపి ఉంటే, తొలి దశ ఆయకట్టుకు నీరిచ్చే అవకాశం ఎప్పుడో వచ్చేది.

జరిగింది వేరు. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో పూర్తయింది. రెండో సొరంగం 2024 జనవరిలో. పైన పులుల అభయారణ్యం ఉండడం వల్ల మధ్యలో ఎక్కడా బావులు దింపి అదనపు ముఖాలు తెరిచే వీలు లేక, సొరంగం తవ్వే భారీ యంత్రాల (టీబీఎంల) మీద ఆధారపడవలసి వచ్చింది. రెండో సొరంగంలో యంత్రం మొరాయించాక మిగతాది సంప్రదాయ పద్ధతిలో తవ్వి ముగించారు. ఆ చీకట్లో ఏళ్ల తరబడి పనిచేసిన కార్మికుల శ్రమ ముందు నేను చేతులు జోడిస్తాను. కానీ మొదటి సొరంగం సిద్ధమైన నాటి నుంచి రెండోది పూర్తయ్యేదాకా గడిచిన మూడేళ్లలో ఊళ్లు కదలలేదు. మూడు వానాకాలాలు గడిచాయి. వాటిలో 2021, 2022ల్లో శ్రీశైలం గేట్లు ఎత్తి నీటిని దిగువకు వదిలారు.

ఎందుకిలా? నిర్లక్ష్యం అని ఒక్క మాటతో సరిపెట్టడానికి నా అనుభవం ఒప్పుకోదు. సొరంగం మీటర్లలో కొలవగలిగే పని. ఈ నెల ఇన్ని మీటర్లు, మిగిలింది ఇన్ని మీటర్లు అని సమీక్షా సమావేశంలో తెర మీద చూపవచ్చు. గుత్తేదారు బిల్లు పెడతాడు, ఎం-బుక్‌లో (పనుల కొలతల పుస్తకంలో) కొలత ఎక్కుతుంది, చెల్లింపు ఆలస్యమైతే అతనే వచ్చి అడుగుతాడు. పునరావాసానికి అలాంటి అడిగే గొంతు బడ్జెట్ గదిలో ఉండదు. అది సగం రెవెన్యూ శాఖ చేతిలో, సగం మా నీటిపారుదల శాఖ చేతిలో ఉంటుంది. గ్రామసభలు, కుటుంబాల జాబితాలు, పద్దెనిమిదేళ్లు నిండినవారిని ఏ తేదీ ప్రకారం లెక్కించాలన్న వివాదాలు, ఇళ్ల స్థలాలు, ఇవన్నీ శాతాల్లోకి ఒదగవు. అందువల్ల నిధులు తక్కువ పడిన ప్రతి ఏడాదీ మొదట కోత పడేది దానికే. కోత పడినట్టు కూడా కనబడదు. పద్దులో అంకె ఉంటుంది, విడుదల ఉండదు.

నేను చేసిన పొరపాటు

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. నేను ప్రతిపాదనలు తయారుచేసే రోజుల్లో, పెండింగ్ ప్రాజెక్టులను వరుసలో పెట్టమని పైనుంచి ఆదేశం వచ్చింది. అప్పుడు మా దగ్గర ఉన్న కొలబద్ద ఒక్కటే: అంచనాలో ఎంత శాతం ఖర్చయింది. 90 శాతం దాటినవాటిని పైన పెట్టాను. వాటిలో ఒక మధ్యతరహా ప్రాజెక్టు ఉంది. నీటిని కాలువలోకి మళ్లించే కట్టడాలు (హెడ్‌వర్క్స్) పూర్తయ్యాయి, ప్రధాన కాలువ దాదాపు అంతా తవ్వేశారు, కాంక్రీటు కట్టడాలు కనిపిస్తున్నాయి. మిగిలిన కొద్ది శాతంలో ఏముందో నేను తరచి అడగలేదు. కాలువ మొదటి పదిహేను కిలోమీటర్లలోపే రైలు మార్గం అడ్డం వస్తుంది. దాని కింద తూము కట్టడానికి రైల్వే అనుమతి, వాళ్లకు ముందుగా జమ చేయవలసిన సొమ్ము, రైళ్ల వేగం తగ్గించి పనిచేసే రోజుల కేటాయింపు, అంతా మిగిలే ఉంది. ఆ ఏడాది నేను రాసిన వరుస ప్రకారం దానికి నిధులొచ్చాయి. ఆ నిధులతో రైలు మార్గానికి అవతల, నీరెప్పుడొస్తుందో తెలియని కాలువకు లోపలి వైపు కాంక్రీటు పలకలు పరిచి లైనింగ్ వేశారు. రెండేళ్ల తరువాత వెళ్లి చూస్తే లైనింగ్ పలకల మధ్య తుమ్మ మొలిచింది. కాలువ గట్టు మీద ఒక రైతు, ‘సారూ, గట్టు మీద నడవడానికి బాగుంది’ అన్నాడు. ఆయన కోపంతో అనలేదు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అప్పటి నుంచి నేను శాతాలు అడగడం మానేసి, నీటి దారిలో నడిచి చూడడం మొదలుపెట్టాను. వనరు దగ్గర బయలుదేరి, చివరి పంట బోదె దాకా నీరు ప్రయాణించే మార్గంలో ఎక్కడెక్కడ తెగి ఉందో గుర్తించాలి. ఆ తెగిన చోట్లన్నీ కలిపి ఎంత ఖర్చు, ఎవరి అనుమతి, ఎన్ని నెలలు అన్నది రాయాలి. తెగిన చోటు ఒక్కటి మిగిలినా ఫలితం సున్నా కాబట్టి, 95 శాతమైన ప్రాజెక్టుకూ 50 శాతమైన ప్రాజెక్టుకూ రైతు పొలంలో ఏ తేడా ఉండదు.

దీనికి తోడుగా రెండో ప్రశ్న: ఇక మీదట పెట్టే రూపాయికి ఎంత దక్కుతుంది? పెట్టేసిన డబ్బు ఎలాగూ పెట్టేసిందే. ఉదాహరణకు ఒక ప్రాజెక్టుకు 1,000 కోట్ల అంచనాలో 800 కోట్లు ఖర్చయి, 200 కోట్లు మిగిలాయి. ఆయకట్టు 20,000 ఎకరాలు. మరొకదానికి 600 కోట్లలో 300 కోట్లే ఖర్చయింది. ఆయకట్టు 60,000 ఎకరాలు. శాతం ప్రకారం మొదటిదే ముందు. మిగిలిన ఖర్చు ప్రకారం చూస్తే మొదటిదానికి ఎకరాకు లక్ష రూపాయలు, రెండోదానికి 50 వేలు. రెండోదే ముందు రావాలి. ఈ వాదన సమావేశాల్లో పెట్టినప్పుడు, ‘అన్ని కోట్లు పెట్టాక ఎలా ఆపుతాం’ అన్న జవాబే ఎక్కువసార్లు వినవలసి వచ్చింది. అది ఆర్థిక వాదన కాకపోయినా అర్థం చేసుకోదగిన వాదనే. భూమి ఇచ్చిన రైతుకు పెట్టేసిన డబ్బు లెక్క కాదు, అది ప్రభుత్వం చేసిన వాగ్దానం. అందువల్ల వెనక్కి నెట్టిన ప్రాజెక్టులో భూమి ఇచ్చినవారి పరిహారం మాత్రం వరుసతో సంబంధం లేకుండా ముందే చెల్లించాలన్నది నా అభిప్రాయం.

జాబితాలు వేసిన అనుభవం

ప్రాధాన్య జాబితాలు వేయడం మనకు కొత్త కాదు. కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన కింద 2016లో దేశవ్యాప్తంగా మధ్యలో ఆగిన 99 ప్రాజెక్టులను ఎంచింది. 23 మొదటి వరుసలో, 31 రెండో వరుసలో, 45 మూడో వరుసలో పెట్టి, అన్నింటినీ 2019–20 కల్లా ముగించాలని గడువు పెట్టింది. రాష్ట్రాలు తమ వాటా కోసం వెతుక్కోకుండా నాబార్డు ద్వారా దీర్ఘకాలిక సాగునీటి నిధిని ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్ నుంచి తోటపల్లి, గుండ్లకమ్మ, తాడిపూడి, పుష్కర, తారకరామ తీర్థసాగరం వంటి 8, తెలంగాణ నుంచి దేవాదుల, భీమా, శ్రీరాంసాగర్ రెండో దశ, కొమురం భీం వంటి 11 ప్రాజెక్టులు అందులో ఉన్నాయి. ఎంపికకు ముఖ్యమైన కొలబద్ద సగానికి పైగా పని జరిగి ఉండడం. నేను పైన చెప్పిన పొరపాటే అక్కడా కొంత ఉంది. భూసేకరణ చిక్కులున్నవి గడువు దాటి సాగాయి. అయినా ఆ పథకంలో ఒక మేలు ఉంది: జాబితాలో చేరినవాటికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే చెప్పారు. నిధి లేని జాబితా కోరికల చిట్టా మాత్రమే.

రాష్ట్ర స్థాయిలో నేను ఎక్కువ నేర్చుకున్నది 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంచుకున్న ఆరు ప్రాజెక్టుల నుంచి. సంగం బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీ, అవుకు రెండో సొరంగం, వెలిగొండ మొదటి సొరంగం, వంశధార రెండో దశ, వంశధార–నాగావళి అనుసంధానం. అన్నింటినీ ఆ ఏడాదిలోనే ముగించాలనుకున్నారు. సంఖ్య చిన్నది, గడువు స్పష్టం. ఆ రెండూ మంచి లక్షణాలే. ఫలితాలు మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో రకంగా వచ్చాయి. పెన్నా మీది రెండు బ్యారేజీలు 2022 సెప్టెంబర్ 6న ప్రారంభమయ్యాయి. అవుకు రెండో సొరంగం 2023 నవంబర్ 30న. వెలిగొండ సంగతి చెప్పుకున్నాం.

బ్యారేజీల్లో ప్రారంభమైన నాడే ఫలితం ఎందుకు దక్కిందో గమనించాలి. అక్కడ 19వ శతాబ్దపు పాత ఆనకట్టలున్నాయి, వాటి కింద తరతరాలుగా పారుతున్న కాలువలున్నాయి, అలవాటు పడ్డ రైతులున్నారు. కొత్త బ్యారేజీ ఆ వ్యవస్థకు నికరమైన నీటి మట్టాన్నిచ్చింది. గేటు దించిన రోజు నుంచే లక్షల ఎకరాల పాత ఆయకట్టుకు మేలు మొదలవుతుంది, కొత్తగా పిల్ల కాలువలు తవ్వే పని లేదు, ఊళ్లు కదిలించే పని లేదు. పాత ఆయకట్టుకు నీటిని ఇలా ఖాయం చేయడాన్ని ‘స్థిరీకరణ’ అంటారు. ఈ మాటకు మన ప్రకటనల్లో ఎప్పుడూ కొత్త ఆయకట్టు కన్నా తక్కువ గౌరవమే దక్కింది. కోటి రూపాయలకు దక్కే పంట ప్రకారం వరుస వేస్తే మాత్రం అది చాలాసార్లు పైకి వస్తుంది. వెలిగొండను కూడా అదే జాబితాలో చేర్చినప్పుడు, ప్రాజెక్టును కాక దానిలోని ఒక్క సొరంగాన్ని లక్ష్యంగా రాశారు. లక్ష్యం నెరవేరింది, నీరు రాలేదు. జాబితాలో ‘మొదటి సొరంగం’ అని కాకుండా ‘తొలి దశకు నీరు’ అని రాసి ఉంటే, సమీక్షలో అడిగే ప్రశ్నలే మారిపోయేవి.

పట్టిసీమ గురించి రెండు మాటలు. పోలవరం ఆలస్యమవుతుందని తెలిసి, 2015లో గోదావరి మీద 24 పంపులతో 8,500 క్యూసెక్కుల ఎత్తిపోతల కట్టి, పోలవరం కుడి కాలువ గుండా కృష్ణా డెల్టాకు నీరిచ్చారు. పోలవరం పూర్తయితే ఇది అనవసరమవుతుంది కదా అన్న ఆక్షేపణ సహేతుకమే. కానీ పైన చెప్పిన 45 ప్రాజెక్టు సంవత్సరాల లెక్కను ఇక్కడ వర్తింపజేస్తే, పోలవరం ఒక్కో ఏడాది ఆలస్యమైనకొద్దీ పట్టిసీమ విలువ పెరుగుతూ వచ్చింది. పెద్దదాని కుడి కాలువ అప్పటికే చాలావరకు సిద్ధంగా ఉండడం దాని బలం. తెగిన చోటు ఒక్కటే మిగిలింది, దాన్ని అతికారు. దానికి చెల్లించిన ధర గురించి, టెండరు తీరు గురించి వేరే చర్చలున్నాయి. వరుస విషయంలో అది సరైన నిర్ణయమని నేను భావిస్తాను.

తెలంగాణలోని శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం దీనికి ఎదురు కొస. దాదాపు 44 కిలోమీటర్ల పొడవు, మధ్యలో దారి లేదు, రెండు వైపుల నుంచే తవ్వాలి. 2005లో అనుమతులిచ్చిన పని. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయేనాటికి ఇంకా తొమ్మిది కిలోమీటర్లకు పైగా మిగిలింది. నల్లగొండ ఫ్లోరైడ్ పల్లెల అవసరాన్ని చూస్తే దానిని వదులుకోమని చెప్పడానికి నాకు నోరు రాదు. కానీ మిగిలిన కిలోమీటర్లకు ఎంత కాలం, ఎంత ప్రమాదం అన్నది మిగిలిన ఖర్చులో భాగంగానే లెక్కించాలి. మనుషుల ప్రాణాలు ఏ అంచనా పట్టికలోనూ ఒక వరుసగా రాయరు. రాయవలసిన అవసరం ఉంది.

జాబితాలో ఎప్పుడూ చేరని పని

ఒక సంగతి ఇంకా మిగిలింది. నా ఉద్యోగ జీవితంలో ప్రాధాన్య జాబితాలు ఎన్నో చూశాను. కట్టినదాన్ని కాపాడే ఖర్చు పై వరుసల్లో ఉన్న జాబితా ఒక్కటీ చూడలేదు. పులిచింతలలో 2021 ఆగస్టు 5న 16వ గేటు కొట్టుకుపోయింది. అదే ఏడాది నవంబర్ 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువ ఊళ్లను ఊడ్చుకుపోయి, పదుల మంది ప్రాణాలు తీసింది. ఆ వరద వచ్చినప్పుడు ఉన్న ఐదు గేట్లలో ఒకటి లేవలేదు. గుండ్లకమ్మలో 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబర్ తుఫానులో మరొకటి పోయాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో 19వ గేటు గొలుసు తెగింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు నాయకత్వంలో ప్రవాహంలోనే స్టాప్‌లాగ్ (గేటు స్థానంలో తాత్కాలికంగా నీటిని ఆపే అడ్డుపలక) దించి వారం రోజుల్లో నీటిని నిలపగలిగారు గానీ, ఈలోగా మూడు రాష్ట్రాల రైతుల నీరు ఎంతో కిందికి పోయింది.

గేటుకు రంగు, గొలుసుకు గ్రీజు, రబ్బరు సీళ్ల మార్పిడి, జనరేటర్‌కు డీజిల్: వీటి ఖర్చు కొత్త ప్రాజెక్టు అంచనాలో చిల్లర కింద లెక్క. అయినా దక్కదు. దానికి పద్దుల్లోనే ఒక కారణముంది. కొత్త నిర్మాణం 4700, 4701 పద్దుల కింద మూలధన వ్యయం. నిర్వహణ 2700, 2701 కింద రెవెన్యూ వ్యయం. ద్రవ్య బాధ్యత చట్టం వచ్చాక రెవెన్యూ లోటును తగ్గించి చూపవలసిన ఒత్తిడి ఆర్థిక శాఖ మీద ఉంటుంది. జీతాలు, పింఛన్లు, వడ్డీలు తగ్గించలేరు, తగ్గించగలిగింది నిర్వహణే. కేంద్రం యాభై ఏళ్ల గడువుతో వడ్డీ లేకుండా ఇచ్చే రుణం కూడా మూలధన పనులకే. కాబట్టి రాష్ట్రానికి కొత్త గేటు పెట్టుకోవడం, ఉన్న గేటును కాపాడుకోవడం కన్నా తేలికైపోయింది. నేను ఉద్యోగంలో ఉండగా ఒక జలాశయం గేట్ల మరమ్మతులకు మూడేళ్లు వరుసగా ప్రతిపాదన పంపాను. మూడేళ్లూ అది మొదటి కోతలోనే పోయింది. నాలుగో ఏడాది దాన్ని ‘ఆధునికీకరణ’ అని పేరు మార్చి, మరికొన్ని పెద్ద పనులు జోడించి, మూలధన పద్దులోకి పంపితే అనుమతి వచ్చింది. అడిగిన దానికి పలు రెట్లు ఎక్కువ మొత్తంతో.

అందుకే ఇప్పుడు ఎవరైనా యువ ఇంజినీర్లు ఈ పని నేర్పమని అడిగితే, జాబితాను మూడు మూటలుగా రాయమంటాను. మొదటి మూటలో కట్టినవాటి భద్రత, భూమి ఇచ్చినవారి బాకీలు. వీటికి పోటీ ఉండదు, ముందు తీసి పక్కన పెట్టవలసినవి. రెండో మూటలో నీటి దారిలో తెగిన చోట్లు, మిగిలిన ఖర్చుకు దక్కే ఎకరాల వరుసలో, ఏటా చేతికి వచ్చే డబ్బు ఎక్కడ అయిపోతే అక్కడ గీత గీసి. ఆ గీత కిందవన్నీ మూడో మూట. గీత కింద ఉన్నవాటికి పది కోట్లు, ఇరవై కోట్లు అంటూ నామమాత్రపు కేటాయింపులు రాయకూడదు. అవి పనిని ముందుకు కదిలించవు, గుత్తేదారుకు క్లెయిము వేసే ఆధారాన్ని మాత్రం ఇస్తాయి. ఏ ప్రాంతపు ప్రాజెక్టు గీత కింద పడిందో, ఎన్నో ఏడాది పైకి వస్తుందో ఆ ప్రాంత ప్రజలకు తెలిసేలా ప్రకటించాలి. ప్రజాప్రతినిధులు దీనికి ఒప్పుకోరని అంటారు. నా అనుభవంలో, తేదీ చెబితే ఒప్పుకున్న ఎమ్మెల్యేలు ఉన్నారు. తేదీ లేకుండా పది కోట్లు ఇస్తే తీసుకుని మళ్లీ మరుసటి ఏడాది అడిగినవాళ్లే ఎక్కువ.

గీత గీయడం ఇంజినీరు ఒక్కడి పని కాదన్నది నాకు తెలుసు. వెనకబడిన ప్రాంతానికి ఎకరాకు ఎక్కువ ఖర్చయినా ముందు నీరివ్వాలని ప్రభుత్వం నిర్ణయించవచ్చు; నేనైతే పశ్చిమ ప్రకాశానికీ, నల్లగొండకూ, ఉద్దానానికీ ఆ అదనపు బరువు వేసే ఇస్తాను. ఆ బరువు ఎంతో అంకెలో రాసి, బయట పెట్టి, అందరికీ ఒకేలా వర్తింపజేయాలి. ఒక ఫోను రాగానే మారే బరువు ఏ ప్రాంతానికీ న్యాయం చేయదు.

ఈ లెక్కన వెలిగొండకు జాబితా రాస్తే మొదటి మూటలో పైవరుస ఆ 11 ఊళ్లదే. పరిహారం అంది, ఇళ్లు కట్టుకుని, పిల్లల బడి కొత్త ఊరికి మారాక, ఫీడర్ కాలువకు ఆఖరి లైనింగ్ పలక వేశాక, తరువాత వచ్చే శ్రీశైలం వరదకు మొదటి సొరంగం రోజుకు పావు టీఎంసీ చొప్పున తాగునీటి చెరువులు నింపుతూ మొదలుకావచ్చు. అప్పటిదాకా ఆ ప్రాజెక్టుకు ఇచ్చే ప్రతి రూపాయినీ, అది ఏ ఊరి పేరు మీద విడుదలైందో చూసి లెక్కించాలి.